కొంగలేరు సముద్రమైన నాలుగు నెలలు

మా కొంగలేరు మంచినీటి సరస్సు నాలుగు నెలల పాటు సముద్రంగా ఉండటానికి కారణం నేనే. ఈ మాట ఒప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. పైగా ముప్ఫై ఒక్కేళ్ళు హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెప్పినవాణ్ణి. పటంలో ఏది సరస్సో ఏది సముద్రమో వేలు పెట్టి చూపించలేని పిల్లల్ని బెంచీ ఎక్కించినవాణ్ణి. అలా బెంచీ ఎక్కినవాళ్ళలో ఒక్కడు కూడా నేను చేసినంత తప్పు చెయ్యలేదు.

నా పేరు శేషావతారం. రిటైరైన ఆర్నెల్లకు, మధ్యాహ్నం భోంచేసి టీవీ ముందు కునుకుతుండగా నా కర్మ కాలింది. టీవీలో ఒక దొర పడవలో కూర్చుని గేలం వేసి, మోచేతంత చేపను పట్టి, దాన్ని ముద్దు పెట్టుకుని, మళ్ళీ నీళ్ళలో వదిలేశాడు. పక్కన కూర్చున్న నలుగురూ చప్పట్లు కొట్టారు. ఆ నలుగురూ ఆ పడవను పూట బాడుగకు మాట్లాడుకుని వచ్చినవాళ్ళట. మా మడుగుపాలెం నుంచి ఫర్లాంగు నడిస్తే కొంగలేరు. ఈ చివర నిలబడితే ఆ చివర కనిపించదు. ఇంత నీరు పెట్టుకుని ఇన్నాళ్ళూ నేను కునుకుతున్నానా అనిపించింది.

మా ఆవిడ సత్యవాణికి చెప్పాను. మా ఇంట్లో ఉల్లిపాయ కూడా వారానికి నాలుగు రోజులే వస్తుంది. ఆమె చేతిలోని చేట కింద పెట్టి నావైపు చూసింది.

"మనం తినని చేపల్ని పట్టడం దేనికండీ?"

"తినడానికి కాదు సత్యా. పట్టి వదిలేస్తారు."

"వదిలేసేదానికి పట్టడం దేనికి?"

ముప్ఫై ఒక్కేళ్ళ సర్వీసులో నన్నెవరూ అంత సూటి ప్రశ్న అడగలేదు. జవాబు తెలియనప్పుడు మేష్టర్లందరూ చేసే పనే నేనూ చేశాను. తర్వాత చెబుతానన్నాను.

నా అదృష్టం కొద్దీ ఏసురత్నం దొరికాడు. వాళ్ళ కుటుంబం నాలుగు తరాలుగా కొంగలేటి మీదే బతుకుతోంది. నలభై ఏళ్ళవాడు. నీళ్ళలో చెయ్యి పెట్టి, తగిలిన చేప బొచ్చో శీలావతో కళ్ళు మూసుకుని చెప్పగలడు. నేను కళ్ళు తెరుచుకుని కూడా చెప్పలేను. పడవ ఇద్దరిదీ, చేపల సంగతి అతనిదీ, మాటల సంగతి నాదీ అని ఒప్పందం చేసుకున్నాం. 'మత్స్యావతార గేలం విహార్' అని బోర్డు పెట్టాం. అందులో 'అవతారం' నా పేరులోంచి వచ్చింది. మిగతాదంతా ఏసురత్నమే అని తర్వాత తెలుసుకున్నాను.

ఆదివారాలు పట్నం నుంచి జనం వచ్చేవారు. టోపీలు, నల్లద్దాలు, కొత్త గేలపు కర్రలు. పొద్దున్న ఎక్కించుకుని మధ్యాహ్నం దించేవాళ్ళం. నేను సరస్సు చరిత్ర చెప్పేవాణ్ణి, వాళ్ళు వినేవారు కాదు. సత్యవాణి పంపిన పులిహోర తినేవారు. చేప పడితే కేరింతలు కొట్టేవారు, పడకపోతే కొంగలకు ఫొటోలు తీసుకునేవారు. అందరూ సంతోషంగానే ఉన్నారు. అదే చిక్కైంది. జనం సంతోషంగా ఉన్నారని తెలిసి, దాన్నొక పద్ధతిలో పెట్టాలని జలవిహార ప్రాధికార సంస్థ వారు నిశ్చయించారు.

ఒకరోజు సర్క్యులర్ వచ్చింది. "విహార మత్స్యగ్రహణమునందు పాల్గొను ప్రతి పర్యాటకునకు, పడవ దిగు లోపల, కనీసము ఒక మత్స్యానుభూతి కలిగింపబడవలెను. అట్లు కలిగింపజాలని నిర్వాహకుల అనుమతి రద్దు చేయబడును."

దీన్ని వివరించడానికి సంస్థ సంయుక్త సంచాలకులు వామనమూర్తి గారే స్వయంగా మా కమ్యూనిటీ హాలుకు వచ్చారు. పొట్టిగా, నున్నగా, ఇస్త్రీ చొక్కాలో మడత పడకుండా కూర్చోవడం తెలిసిన మనిషి.

"పర్యాటకుడు వట్టి చేతులతో ఇంటికి వెళ్ళడమంటే రాష్ట్ర ప్రతిష్ఠ వట్టి చేతులతో వెళ్ళడమే," అన్నారాయన. "ఇకపై నూటికి నూరు శాతం అనుభూతి. తొంభై తొమ్మిది అనే అంకె నా ఫైల్లో కనబడకూడదు."

వెనక వరసలోంచి ఏసురత్నం లేచాడు. "అయ్యా, ఈ సంగతి సేపలకి సెప్పారాండి?"

హాలంతా నవ్వింది. వామనమూర్తి గారు నవ్వలేదు. గుమస్తా వైపు తిరిగి, "రాసుకో. మత్స్యముల పక్షాన సహకారము సాధించు బాధ్యత నిర్వాహకునిదే," అన్నారు. మర్నాటికి అది రెండో సర్క్యులర్ అయింది.

పడవ దిగిన ప్రతి పర్యాటకుడి పేరిట ఒక ఫారం నింపాలి. అందులో 'అనుభూతి కలుగనిచో కారణము' అని ఒక గడి ఉంది. ఎదురుగా టిక్కు పెట్టడానికి ఒకే ఒక్క కారణం అచ్చేశారు. 'నిర్వాహకుని అలసత్వము.'

మొదటి ఆదివారం పదిమందిలో ఆరుగురికే చేప పడింది. నాలుగు ఫారాల్లో నా అలసత్వానికి నేనే టిక్కు పెట్టుకున్నాను. ఇంకో నాలుగు టిక్కులు పడితే అనుమతి పోతుంది. అప్పుడు నా బుర్రలో ఒక ఆలోచన మెరిసింది. అది ఏసురత్నానికి వచ్చిందని చెప్పుకుంటే నాకు బాగుండేది. కానీ అది పూర్తిగా నాదే.

"నువ్వు నీళ్ళలో ఉంటావు ఏసురత్నం," అన్నాను. "గుర్రపుడెక్క మాటున, తల మాత్రం పైకి పెట్టి. బుట్టలో బతికున్న చేపలు ఉంచుకో. గేలం మునగ్గానే ఒకదాన్ని తగిలించి రెండుసార్లు లాగు."

"మీ సదువు ఇలాటివాటికి పనికొత్తందన్నమాట," అన్నాడు. అది మెప్పో కాదో నేను ఆరా తియ్యలేదు.

పథకం అద్భుతంగా సాగింది. ఒకే బొచ్చె ఒక ఆదివారం ముగ్గురికి అనుభూతి కలిగించింది. మూడోసారికి అది తనంతట తానే కెమెరా వైపు తిరిగిందని ఏసురత్నం చెప్పాడు. ఫారాలన్నీ నిండాయి. మూడు నెలల్లో సంస్థ వారు నాకు 'శతశాతానుభూతి నిర్వాహక' అనే ప్రశంసాపత్రం ఇచ్చారు. దాన్ని చట్రం కట్టించి గోడకు తగిలించాను. సత్యవాణి దాని మీద దుమ్ము దులిపేటప్పుడు మాత్రం ముఖం పక్కకు తిప్పుకునేది.

ఆ ప్రశంసాపత్రమే మా కొంప ముంచింది. ఇంత గొప్ప విహారాన్ని స్వయంగా తనిఖీ చేస్తానని వామనమూర్తి గారు కబురు పంపారు. ఆయన చెప్పిన రోజునే ఏసురత్నం మేనకోడలి పెళ్ళి.

"ఒక్క పూట ఆగమనండి మాస్టారూ," అన్నాడు ఏసురత్నం.

"ఆయన ఆగరయ్యా. నేను చూసుకుంటాలే."

"మీరా?" అన్నాడు. ఆ 'మీరా' అన్న మాట విని అప్పుడే బుద్ధి తెచ్చుకోవలసింది.

బతికున్న చేపను పట్టుకుని గేలానికి తగిలించడం నా వల్ల కాదు. ఈత రాదు. అందుకని తెల్లారగానే బస్సెక్కి పట్నంలో చేపల బజారుకు వెళ్ళాను. ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకుని, "అన్నిట్లోకీ అందమైన చేప ఇవ్వమ్మా," అన్నాను.

"కూరకా, ఏపుడుకా బాబుగారూ?" అంది అమ్మే ఆవిడ.

"ఫొటోకి."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, మంచుముక్కల్లోంచి ఒక చేపను తీసింది. వెండి పళ్ళెంలా గుండ్రంగా, తళతళా మెరుస్తోంది. దాని పేరేమిటని కూడా అడగలేదు. సంచిలో పులిహోర క్యారియరు పక్కన పెట్టుకుని వచ్చేశాను. ఆ క్యారియరును సత్యవాణి తర్వాత ఎవరికో ఇచ్చేసింది.

పడవలో వామనమూర్తి గారు, ఆయన ఫొటోగ్రాఫరు, నేను. సరస్సు నడుమ ఇంజను ఆపాను. ఆయన గేలం వేసి, ఫొటో కోసం ఇటు తిరిగి నవ్వు సరిచేసుకుంటున్నారు. "దారం చిక్కుపడిందండీ, సరిచేస్తాను," అని నేను ఆయన వీపు వెనక గేలం లాగి, చేపను తగిలించి, మళ్ళీ నీళ్ళలోకి జార్చి, గట్టిగా ఒక్క గుంజు గుంజాను.

"పడింది!" అని అరిచారాయన. ఆ అరుపులో ఎనిమిదేళ్ళ పిల్లాడు ఉన్నాడు. అంత అధికారిని ఒక్క క్షణం ఆనందపెట్టినందుకు నాకూ సంతోషం వేసిన మాట నిజం. చేప పైకి వచ్చింది. ఆయన రెండు చేతులా పట్టుకున్నారు.

"ఇంత చల్లగా ఉందేమిటండీ?"

"అట్టడుగు నుంచి వచ్చిందండి. అక్కడ ఎండ తగలదు."

"కదలడం లేదే?"

"మిమ్మల్ని చూసి భయపడిందండి."

ఆయన నమ్మారు. ఆఫీసులో అందరూ ఆయన ఎదుట అలాగే ఉంటారు కాబట్టి నమ్మడానికి కష్టం కాలేదు. ఫొటోలు అయ్యాక చేపను నియమం ప్రకారం నీళ్ళలో వదిలారు. అది వెల్లకిలా తేలింది.

"స్వేచ్ఛ అలవాటు కావడానికి కాస్త సమయం పడుతుందండి," అన్నాను. ఇంతలో ఒక గద్ద వచ్చి దాన్ని తన్నుకుపోయింది. నా పాపానికి సాక్ష్యం లేకుండా పోయిందని ఆ గద్దకు మనసులో దండం పెట్టుకున్నాను.

ఫొటో మర్నాడు పత్రికల్లో వచ్చింది. పెళ్ళి నుంచి తిరిగొచ్చిన ఏసురత్నం పత్రిక పట్టుకుని మా అరుగు మీద కూర్చున్నాడు.

"మాస్టారూ, ఇది చందువా అండి."

"మంచి చేపేనా?"

"మంచిదే. సముద్రంలో ఉంటాది."

పత్రిక లాక్కుని మడిచేశాను. ఎవరు గమనిస్తారులే అనుకున్నాను. తీరజల పర్యవేక్షణ మండలి అని ఒక కార్యాలయం ఉందనీ, అందులో హైమవతి గారనే పర్యవేక్షణాధికారిణి ఉన్నారనీ, ఆవిడ పత్రికలు చదువుతారనీ నాకేం తెలుసు? ఆవిడ వామనమూర్తి గారికి లేఖ రాశారట. సదరు చేప పట్టుబడినప్పుడు సజీవముగా ఉండెనా? దానికి వామనమూర్తి గారు ఇచ్చిన జవాబు నకలు తర్వాత నేను చూశాను. "సజీవముగా, చురుకుగా, ప్రతిఘటించుచు ఉండెను." ఒక సంయుక్త సంచాలకులు చచ్చిన చేపను పట్టారని తానే రాసుకుంటారా?

వారం తిరక్కుండా మండలి ఉత్తర్వు వెలువడింది. "చందువా సముద్రమునందు మాత్రమే జీవించును. సదరు చందువా కొంగలేరునందు జీవించుచుండగా పట్టుబడెను. కావున కొంగలేరు సముద్రము."

తర్కంలో తప్పు పట్టుకోలేక ఆ కాగితాన్ని నాలుగుసార్లు చదివాను. మా సరస్సుకూ అసలు సముద్రానికీ మధ్య పద్నాలుగు ఊళ్ళున్నాయి. వాటి సంగతి ఉత్తర్వులో లేదు.

బస్టాండులో 'సముద్ర తీరమునకు స్వాగతం' అని బోర్డు లేచింది. రేవులో తుఫాను జెండా పాతారు. ఆటుపోట్ల వేళల పట్టిక అతికించారు. పోటు ఉదయం ఆరూ పదికి అని ఉంటే, మా ఊరివాళ్ళు రెండు రోజులు పొద్దున్నే వెళ్ళి నిలబడ్డారు. నీళ్ళు ఎప్పటిలాగే ఉన్నాయి. కొత్తగా వేసిన కాపలాదారు పాపం ఒక కర్ర పాతి, రోజూ పట్టికలో ఉన్న అంకెనే రిజిస్టరులో ఎక్కించేవాడు. గేదెల్ని నీళ్ళలో దించాలంటే తీరప్రాంత అనుమతి కావాలన్నారు. గేదెలు దరఖాస్తు పెట్టకుండానే దిగేవి.

నేనేం చేశాననుకుంటున్నారు? పశ్చాత్తాపంతో కుంగిపోయానని రాసుకోవాలని ఉంది. కానీ బోర్డు మార్చాను. 'మత్స్యావతార సముద్ర విహార్.' పట్నం నుంచి జనం రెట్టింపయ్యారు. అలలు ఎక్కడని అడిగితే, ఇవాళ సెలవని చెప్పాను. అందరూ నవ్వేవారు, నేనూ నవ్వేవాణ్ణి.

నవ్వు ఆగింది ఏప్రిల్‌లో. సముద్రంలో చేపలు గుడ్లు పెట్టే కాలం కనుక రెండు నెలలు వేట నిషేధం. కొంగలేరు సముద్రం కనుక కొంగలేట్లోనూ నిషేధం. మడుగుపాలెం రేవులో నాలుగు వందల గడపల వలలు ఒడ్డెక్కాయి. అదే వారం పంచాయతీ కొళాయిలు కూడా ఆగిపోయాయి. సముద్రపు నీటిని తాగునీటిగా సరఫరా చేయడం నిబంధనలకు విరుద్ధమట.

ఏసురత్నం వచ్చాడు. అరుగెక్కలేదు. వాకిట్లోనే నిలబడ్డాడు.

"ఆఫీసుకెళ్ళొచ్చాం మాస్టారూ. సముద్రం మీద బతికేవోళ్ళకి నిషేధం రోజుల్లో బియ్యం ఇత్తారంట గదా, మాకూ ఇమ్మన్నాం. మీరు సముద్రపోళ్ళుగా నమోదవలేదన్నారు. మరి సెరువోళ్ళుగా వేటకెల్తామన్నాం. సెరువు లేదన్నారు."

"ఏసురత్నం..."

"మా ఆడోళ్ళు నీళ్ళకి మైలున్నర నడుత్తున్నారండి. ఎదురుగుండా ఇన్ని నీళ్ళుండగా." అతని గొంతులో కోపం లేదు. "మిమ్మల్ననడానికి రాలేదు. నేనూ గుర్రపుడెక్కలో కూకున్నోణ్ణే గదా. ఏం సెయ్యాలో సెబుతారని వచ్చాను. సదువుకున్నోరు మీరే."

అతను తిట్టి ఉంటే బాగుండేది. తిట్టకుండా వెళ్ళిపోయాడు. లోపలికి వస్తే సత్యవాణి గోడ మీది ప్రశంసాపత్రం తీసి నేల మీద పెట్టి ఉంది. చొక్కా వేసుకుని, ఒక సీసాలో కొంగలేటి నీళ్ళు నింపుకుని, బస్సెక్కాను.

హైమవతి గారు సన్నగా, చక్కటి కళ్ళద్దాలతో, నిజంగా శ్రద్ధ ఉన్న మనిషిలా కనిపించారు. మొత్తం చెప్పేశాను. గుర్రపుడెక్క, బుట్ట, బజారు, మంచుముక్కలు, గద్ద. ఆవిడ మధ్యలో అడ్డురాకుండా విన్నారు.

"మీరు చెప్పేది నిజమైతే సంయుక్త సంచాలకుల వారి నివేదిక అబద్ధమవుతుంది," అన్నారు. "అది జరిగే పని కాదు. ఆ నివేదికకు ఉత్తర్వు సంఖ్య ఉంది. మీ కథకు సంఖ్య లేదు."

"అమ్మా, ఈ నీళ్ళు ఒక్క గుక్క తాగి చూడండి. ఉప్పు ఉందేమో మీరే చెప్పండి."

ఆవిడ సీసా తీసుకుని, నిజంగానే తాగారు. పెదవులు తడుపుకుని ఆలోచించారు. ముఖం గంభీరమైంది. పని అయిపోయిందనుకున్నాను.

"మీరన్నది నిజమే. బొత్తిగా ఉప్పు లేదు," అన్నారు. "ఇది చాలా తీవ్రమైన విషయం. ఒక సముద్రంలో ఇంతటి లవణలోపాన్ని నా సర్వీసులో చూడలేదు. మంచి సమయానికి మా దృష్టికి తెచ్చారు."

నేను బస్సు దిగి ఇంటికి చేరేలోపే ఆవిడ ఫైలు కదిలిపోయింది. 'కొంగలేరు లవణ పునరుద్ధరణ పథకం.' తొలి విడతగా నలభై లారీల ఉప్పు. మే నెల మొదటి సోమవారం ప్రారంభోత్సవం. ఫిర్యాదుదారుగా నా పేరు ఆహ్వానపత్రం మీద అచ్చేశారు.

సోమవారం పొద్దున్నే రేవు వెంబడి లారీలు బారులు తీరాయి. షామియానా, మైకు, పూలదండలు. మొదటి బస్తాకు పసుపు, కుంకుమ పెట్టారు. వేదిక మీద వామనమూర్తి గారూ, హైమవతి గారూ. ఎదురుగా ఊరంతా నిలబడింది, ఒక్కరూ కూర్చోలేదు. ఉప్పు పడితే కొంగలేరు ఇక కోలుకోదని ఆ జనంలో చంటిపిల్లల తల్లులకు కూడా తెలుసు. వేదిక మీద వాళ్ళకు తెలియదు, లేదా తెలుసుకోవలసిన గడి వాళ్ళ ఫారంలో లేదు.

ఫిర్యాదుదారుగా రెండు మాటలు మాట్లాడమని నన్ను పిలిచారు. మైకు ముందుకు వెళ్ళి నిలబడ్డాను. ముప్ఫై ఒక్కేళ్ళు పాఠం చెప్పినా ఇంత భయం ఎప్పుడూ వెయ్యలేదు.

"నేను అబద్ధాలకోరుని," అని మొదలుపెట్టాను. "ఆ చందువాను నేను బజార్లో కొన్నాను. అప్పటికే అది చచ్చి మూడు రోజులై ఉంటుంది. దాన్ని సారు గారి గేలానికి నేనే తగిలించాను. అంతకు ముందు మూడు నెలలు పర్యాటకులందరినీ మోసం చేశాను. ఇది సముద్రం కాదు. ఇది మా మంచినీళ్ళు. నన్ను జైల్లో పెట్టండి, కానీ ఆ బస్తా విప్పకండి."

జనంలో ఎవరూ నవ్వలేదు. వామనమూర్తి గారి ముఖం ఎర్రబడింది. ఆయన మైకు లాక్కున్నారు.

"చచ్చిన చేపకూ బతికిన చేపకూ తేడా నాకు తెలియదా? అది నా చేతుల్లో కొట్టుకుంది! గిలగిలా కొట్టుకుంది! విప్పండి బస్తా."

ఆయన అబద్ధం ఆడటం లేదని నాకు అప్పుడు అర్థమైంది. రాసి రాసి, చెప్పి చెప్పి, ఆ చేప ఆయన చేతుల్లో నిజంగానే బతికింది. ఇప్పుడు దాన్ని చంపమంటే ఆయన వల్ల కాదు.

లారీ మీద మనిషి బస్తా ముడి మీద చెయ్యి వేశాడు. ఆడవాళ్ళు కొందరు వెళ్ళి లారీకి అడ్డంగా నిలబడ్డారు. పోలీసులు కదిలారు. అప్పుడు ఏసురత్నం నెమ్మదిగా వేదిక దగ్గరికి వెళ్ళి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అయ్యగారూ, మాస్టారు పెద్దోరైపోయారు, ఏదో మాటాడుతున్నారు. మీరు పట్టింది బతికున్న సేపే. మీ సేతుల్లో ఎగిరిందని ఊరంతా సెప్పుకున్నాం. ఆ రోజు ఇది సముద్రమేనండి."

వామనమూర్తి గారు ఊపిరి పీల్చుకున్నారు. నేను నోరు తెరిచాను. ఏసురత్నం నావైపు చూడలేదు.

"కానండి, తవరు ఆ జెండా పాతించి, పట్టిక ఎట్టించి, అంత కట్టుదిట్టం సేశాక సముద్రం ఇక్కడ ఉండలేకపోయిందండి. మొన్న పొద్దున్న నేనే సూశాను. ఎనక్కెళ్ళిపోయింది. అందుకే గదండీ నీళ్ళలో ఉప్పు లేంది?"

హైమవతి గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఉప్పు లేకపోవడానికి ఇది పొసగే కారణమే," అన్నారు నెమ్మదిగా.

"ఎటు వెళ్ళింది?" అన్నారు వామనమూర్తి గారు.

"తూరుపుకండి. దాని సోటుకే."

వామనమూర్తి గారు నీళ్ళవైపు చూశారు. లేచి నిలబడి, మైకు సర్దుకున్నారు.

"ప్రజలారా! ఈ మార్పును నేను ఇంతకు ముందే గమనించాను. జలవిహార ప్రాధికార సంస్థ సకాలంలో తీసుకున్న చర్యల ఫలితంగా సముద్రం వెనుదిరిగినదని ప్రకటించడానికి గర్విస్తున్నాను. ఈ గడ్డ మీద ఒక సముద్రాన్ని వెనక్కి పంపిన మొట్టమొదటి కార్యాలయం మాది!"

మా ఊరు చప్పట్లు కొట్టింది. అంత గట్టిగా చప్పట్లు కొట్టడం నేనెప్పుడూ వినలేదు. కొందరు ఆడవాళ్ళు ఏడుస్తూ కొట్టారు. పూలదండలు లారీ మీది బస్తా నుంచి తీసి వామనమూర్తి గారికి వేశారు. లారీలు ఒక్కొక్కటీ వెనక్కి తిరిగాయి. మర్నాడు కొళాయిల్లో నీళ్ళొచ్చాయి, ఆ మర్నాడు వలలు దిగాయి.

నిజం చెప్పి నేను ఆపలేకపోయినదాన్ని, ఏసురత్నం ఆ అధికారి పరువుకు ఒక దారి చూపించి ఆపాడు. "నువ్వు అబద్ధం ఆడావు కదయ్యా," అన్నాను ఆ సాయంత్రం. "మరి మీరు నిజం సెప్పారు గదండీ, ఏవైంది?" అన్నాడు. తర్వాత కొంచెం ఆగి, "అయినా మీరు ముందు సెప్పబట్టే ఆయనకి బెదురెత్తింది. బెదరనోడికి దారి సూపిత్తే సూడడండి," అన్నాడు. నా మనసు నొచ్చుకోకుండా అన్న మాటో, నిజంగా అన్నదో తెలియదు. నేను మాత్రం నిజంగా అన్నదే అనుకుంటున్నాను.

నా ఒప్పుకోలు మాత్రం మినిట్సులో నమోదైంది. నెల తిరిగేసరికి ఉత్తర్వు వచ్చింది. 'మృతమత్స్య ప్రయోగము' అనే నేరం కింద, ఈ దేశపు ఏ సముద్రము మీదనైనను పర్యాటకులను త్రిప్పుటకు శేషావతారం అనర్హుడు. సత్యవాణి దాన్ని రెండుసార్లు చదివింది.

"సముద్రం మీద అనే కదండీ రాశారు? ఇది మళ్ళీ సరస్సే కదా?"

నేను ఇంకోసారి చదివాను. సముద్రం మీద అనే ఉంది.

ఏసురత్నానికి చూపిస్తే, "పడవెక్కండి మాస్టారూ," అన్నాడు. "ఒక్క మాట. ఇక నీళ్ళలో నేను కూకోను. పడితే పడిందందాం, పడకపోతే పడలేదందాం." అనుభూతి ఫారాల మాటేమిటంటే, సముద్రం వెనక్కి వెళ్ళేటప్పుడు వాటినీ పట్టుకుపోయిందని రాసి పంపుదామన్నాడు. పంపాం. అభ్యంతరం రాలేదు.

జూన్ నెలాఖరు ఆదివారం, చాన్నాళ్ళకు మొదటి పార్టీ వచ్చింది. పట్నంలో మందుల షాపు నడిపే పెద్దమనిషి ఒక్కడే, గేలపు కర్రతో. మబ్బు పట్టి గాలి చల్లగా ఉంది. పొద్దున్న నుంచి మధ్యాహ్నం దాకా గేలం వేసుకు కూర్చున్నాడు. ఒక్క చేప తగల్లేదు. మధ్యలో గంటసేపు నిద్రపోయాడు కూడా. రేవుకు వచ్చాక నేను ఆయన ఎదురుగా నిలబడి, గొంతు సవరించుకుని, ఇన్నాళ్ళూ ఎవరితోనూ అనని మాట అన్నాను.

"ఇవాళ చేప పడలేదండి."

ఆయన కర్ర భుజాన వేసుకుని ఒడ్డెక్కాడు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు.

"వచ్చే ఆదివారం పడవ ఖాళీయేనా?"